కాగితం మీద రాసిన సాయం పరీక్ష గదిలోకి వచ్చిందా?

అమెరికా ప్రభుత్వ బడుల్లో చదివే ప్రతి వంద మంది పిల్లల్లో సుమారు 15 మంది ప్రత్యేక విద్య పరిధిలో ఉన్నారు. 2022-23 లెక్కల ప్రకారం, 3 నుంచి 21 ఏళ్ల మధ్య వయసులో, వీళ్లు దాదాపు 75 లక్షల మంది. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్నవాళ్లు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం) ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, సరిగ్గా వినపడనివాళ్లు, వేళ్లతో పెన్సిల్ పట్టుకోలేనివాళ్లు. వీళ్లలో చాలామందికి రాష్ట్ర పరీక్షల్లో ఫలానా సదుపాయం ఇవ్వాలని కాగితం మీద రాసి ఉంటుంది. కొందరికి అదనపు సమయం. కొందరికి ప్రశ్నలు చదివి వినిపించాలి. కొందరికి చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ కావాలి. పెద్ద అక్షరాల పేపర్, బ్రెయిలీ, కొద్దిమందే ఉండే గది, మధ్యలో విరామం, ఇలా ఎన్నో రకాలు.

టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఈ పిల్లల్లో మన తెలుగింటి పిల్లలూ ఉన్నారు. తల్లిదండ్రులు బడివాళ్లతో మీటింగుల మీద మీటింగులు కూర్చుని, తెలియని పదాలన్నీ నేర్చుకుని, ఈ సదుపాయాలు రాయించుకుంటారు. సంతకాలయ్యాక హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ సంతకానికీ పరీక్ష రోజుకీ మధ్య కొన్ని నెలల సమయం ఉంటుంది, నలుగురైదుగురు మనుషులుంటారు, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా పిల్లవాడికి సాయం అందదు. అందలేదన్న సంగతి చాలాసార్లు పిల్లవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు చెయ్యెత్తి, నా హక్కు నాకు ఇవ్వలేదని అడగలేడు కదా. అందుకే సదుపాయం రాయడం ఎంత ముఖ్యమో, అది అందిందా లేదా అని చూడటం అంతకంటే ముఖ్యమని నేను నమ్ముతాను. ఆ చూసే వ్యవస్థ ఎలా ఉంది, ఎక్కడ లోపముంది అన్నది విప్పి చెప్పే ప్రయత్నం ఇది.

పరీక్షే రాయనివ్వని రోజులు

ముందు చట్టం సంగతి. 1973 నాటి పునరావాస చట్టంలో 504వ సెక్షన్ ఉంది. ఫెడరల్ ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ సంస్థా వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదని దాని సారం. 1975లో మరో చట్టం వచ్చింది. అర్హత ఉన్న ప్రతి బిడ్డకూ తగిన చదువు ఉచితంగా ఇవ్వాల్సిందే అంది. 1990లో దానికి ఐడియా (IDEA) అన్న పేరు పెట్టారు. ఇవాళ బడుల్లో వినిపించే ఐఈపీ, అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే విద్యా ప్రణాళిక, ఈ ఐడియా చట్టం కింద వచ్చేది. 504 ప్లాన్ ఆ పాత సెక్షన్ కింద వచ్చేది. ప్రత్యేకంగా బోధన అవసరమైన పిల్లలకు ఐఈపీ, మామూలు బోధనే చాలు గానీ సదుపాయాలు కావాల్సినవాళ్లకు 504 ప్లాన్ అని స్థూలంగా గుర్తుపెట్టుకోవచ్చు. టెక్సస్‌లో ఐఈపీ రాసే బృందాన్ని ఏఆర్‌డీ కమిటీ అంటారు. మనవాళ్లు "ఆర్డ్ మీటింగ్ ఉంది" అనేది దాని గురించే.

చట్టం ఉన్నా, 1990ల చివరిదాకా చాలా బడుల్లో పరీక్ష రోజున ఈ పిల్లల్ని పక్కన పెట్టేవారు. బడి సగటు పడిపోతుందన్న భయం ఒకటి. పాపం, వీళ్లకెందుకీ టెన్షన్ అన్న జాలి ఒకటి. రెండింటి ఫలితం ఒక్కటే. పరీక్ష రాయని పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో ఎవరూ అడగరు. అడగనప్పుడు నేర్పాల్సిన ఒత్తిడీ ఉండదు. 1997లో ఐడియాకు చేసిన సవరణలు దీన్ని మార్చాయి. ఈ పిల్లలు కూడా రాష్ట్ర పరీక్షలు రాయాలి, అవసరమైన సదుపాయాలతో రాయాలి, ఫలితాలు బయటపెట్టాలి అన్నాయి. 2002లో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం ఇంకో అడుగు వేసి, వైకల్యమున్నవాళ్లతో సహా పిల్లల ప్రతి వర్గంలోనూ కనీసం 95 శాతం మంది పరీక్ష రాయాల్సిందేనంది. 2015లో దాని స్థానంలో వచ్చిన ఎస్సా చట్టం కూడా ఆ అంకెను ఉంచింది. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న కొద్దిమందికి వేరే పరీక్ష పెట్టొచ్చు గానీ, అలా రాసేవాళ్లు ఆ సబ్జెక్టులో రాష్ట్రమంతటా పరీక్ష రాసిన పిల్లల్లో 1 శాతం దాటకూడదని హద్దు గీసింది. అంటే మిగతా అందరూ మామూలు పరీక్షే రాస్తారు. వాళ్లకి ఆ పరీక్ష న్యాయంగా ఉంటుందా లేదా అన్నది పూర్తిగా సదుపాయాల మీదే ఆధారపడి ఉంది.

సదుపాయం అంటే ప్రశ్నను సులువు చేయడం కాదు. పిల్లవాడికి తెలిసింది బయటికి రావడానికి అడ్డుగా ఉన్నదాన్ని తొలగించడం. లెక్కల పరీక్ష తీసుకోండి. అక్కడ కొలవాల్సింది లెక్కలు చేసే శక్తి. డిస్లెక్సియా ఉన్న అమ్మాయి ప్రశ్న చదవలేక తప్పు చేస్తే, ఆ మార్కు ఆమె లెక్కల గురించి ఏమీ చెప్పదు. ప్రశ్న చదివి వినిపిస్తే చెబుతుంది. అదే, చదవడం వచ్చో రాదో చూసే పరీక్షలో పాఠాన్ని మొత్తం చదివి వినిపిస్తే కొలవాల్సిన విషయమే మాయమైపోతుంది. అందుకే రీడింగ్ పరీక్షల్లో చదివి వినిపించడానికి చాలా రాష్ట్రాలు కఠినమైన షరతులు పెడతాయి. ఒక సదుపాయం సరైనదేనా అని తేల్చడానికి పరిశోధకులు చూసేదీ ఇదే. వైకల్యం ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ దాన్ని ఇచ్చి చూస్తారు. వైకల్యం ఉన్నవాళ్ల మార్కులు గట్టిగా పెరిగి, మిగతావాళ్లవి పెద్దగా కదలకపోతే అది నిజంగా అడ్డును తొలగించినట్టు. అందరివీ ఒకేలా పెరిగితే అది పరీక్షనే తేలిక చేసినట్టు.

ఐదు ప్రశ్నలు

ఇక పర్యవేక్షణ. ప్రతి రాష్ట్రం తన పరీక్షా విధానాన్ని ఫెడరల్ విద్యాశాఖ ముందు పెట్టి, బయటి నిపుణుల బృందం చేత తనిఖీ చేయించుకోవాలి. దీన్నే పీర్ రివ్యూ అంటారు. అందులో ఒక భాగం పూర్తిగా మన విషయానికే కేటాయించారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పరీక్ష రాసే తీరును రాష్ట్రం ఎలా గమనిస్తోందో ఆధారాలతో చూపించాలి.

అక్కడ అడిగే ప్రశ్నలు మామూలు మాటల్లో చెప్పాలంటే ఇవి. ఇచ్చిన సదుపాయం రాష్ట్ర నిబంధనల్లో ఉన్నదేనా? ఈ పిల్లవాడి అవసరానికి తగినదేనా? రోజూ క్లాసులో వాడుతున్నదేనా? ఐఈపీ లేదా 504 బృందం రాసినదేనా? పరీక్ష నియమాల ప్రకారం సక్రమంగా అమలైందా?

చూడటానికి ఐదూ ఒకే తరహావిలా కనిపిస్తాయి. కానీ మొదటిదీ నాలుగోదీ కాగితాలు తిరగేసి చెప్పగలిగేవి. ఐఈపీలో ఉన్నదానికీ పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో నమోదైనదానికీ పొంతన ఉందా అని ఆఫీసులో కూర్చునే సరిచూడొచ్చు. చాలా జిల్లాల (అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుల) తనిఖీ అక్కడితో ఆగిపోతుంది. మిగతా మూడింటికి మనిషి బడికి వెళ్లాలి, క్లాసులో కూర్చోవాలి, పిల్లవాడితో మాట్లాడాలి.

రెండో ప్రశ్ననే చూడండి, తగినదేనా అన్నది. ఐఈపీ రాసే సాఫ్ట్‌వేర్లలో సదుపాయాల జాబితా ఒకటి ఉంటుంది, టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చు. పని ఒత్తిడిలో ఉన్న కేస్ మేనేజర్ (పిల్లవాడి ఐఈపీ బాధ్యత చూసే బడి ఉద్యోగి) తన దగ్గరున్న పిల్లలందరికీ అవే నాలుగు టిక్కులు పెట్టేస్తే ఆపేవాళ్లుండరు. అదనపు సమయం, చిన్న గది, చదివి వినిపించడం, తరచూ విరామం. ఏడీహెచ్‌డీ ఉన్న అబ్బాయికి రెట్టింపు సమయం ఇస్తే, ఆ రెట్టింపు సమయమూ అదే కుర్చీలో కూర్చోవడం శిక్ష అవుతుంది. వాడికి కావాల్సింది విరామం. ఎక్కువ ఇస్తే నష్టమేముందిలే అనుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. నష్టం ఉంది. అవసరం లేని సాయం పిల్లవాడి దృష్టిని చెదరగొడుతుంది. వాడు నిజంగా ఎక్కడ ఆగిపోతున్నాడో కనపడకుండా చేస్తుంది.

మూడో ప్రశ్న నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. పరీక్ష రోజే మొదటిసారి చేతికిచ్చిన సదుపాయం సాయం కాదు, కొత్త చిక్కు. కంప్యూటర్ గొంతు ప్రశ్న చదువుతుంటే వినడం ఒక నైపుణ్యం. దాన్ని ఆపడం, వెనక్కి తిప్పడం, వేగం మార్చడం అలవాటు కావాలి. స్క్రైబ్‌కి సమాధానం చెప్పి రాయించడం మరీ కష్టం. వాక్యం మనసులో పూర్తిగా కట్టుకుని, ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలో కూడా చెప్పాలి. ఏడాదంతా సొంత చేత్తో తంటాలుపడి రాసిన పిల్లవాడికి ఆ ఒక్క రోజు స్క్రైబ్‌ని కూర్చోబెడితే, సదుపాయం అందినట్టు రికార్డులో పడుతుంది, పిల్లవాడు మాత్రం తెలిసిన సమాధానమే చెప్పలేక వస్తాడు. అందుకే ఐడియా నిబంధనలు ఒక పని తప్పనిసరి చేశాయి. పిల్లవాడికి పాఠం చెప్పే ప్రతి టీచరుకూ ఐఈపీ అందుబాటులో ఉండాలి, అందులో తను చేయాల్సిందేమిటో, ఇవ్వాల్సిన సదుపాయాలేమిటో ఆ టీచరుకు తెలియజేయాలి. సైన్స్ టీచరు, సెలవు మీద వెళ్లిన టీచరు బదులు వచ్చినవాళ్లు, అందరికీ తెలిస్తేనే అది రోజువారీ అలవాటు అవుతుంది. సబ్‌స్టిట్యూట్ టీచరు వచ్చిన వారం ఆ సదుపాయాలు ఏమయ్యాయో మీ పిల్లల్ని అడిగి చూడండి. చాలా విషయాలు బయటికొస్తాయి.

గది లోపల జరిగేది

ఐదో ప్రశ్న, సక్రమంగా అమలైందా అన్నది, పరీక్ష గదికి సంబంధించినది. ఇప్పుడు చాలా రాష్ట్రాల పరీక్షలు కంప్యూటర్ మీదే. టెక్సస్ రాష్ట్ర పరీక్ష అయిన స్టార్ (STAAR) 2022-23 నుంచి దాదాపు పూర్తిగా ఆన్‌లైన్‌లోకి మారింది. దానివల్ల ఒక మేలు, ఒక ప్రమాదం రెండూ వచ్చాయి. మేలు ఏమిటంటే, అందరికీ ఒకే గొంతు, ఒకే వేగం. మనిషి చదివితే సరైన సమాధానం దగ్గర గొంతు కాస్త పైకి లేవొచ్చు, తెలియకుండానే. అది పిల్లవాడికి అందే రహస్య సంకేతం. స్క్రైబ్ కూడా అంతే. పిల్లవాడు చెప్పిన వంకర వాక్యాన్ని సరిచేసి రాస్తే అది పిల్లవాడి సమాధానం కాదు. యంత్రంతో ఆ బెంగ లేదు.

ప్రమాదం ఏమిటంటే, ప్రతి పిల్లవాడికీ ఏయే సెట్టింగులు కావాలో పరీక్షకు ముందే ఎవరో ఒకరు సిస్టమ్‌లో పెట్టాలి. బడిలో టెస్ట్ కోఆర్డినేటర్ వందల మంది పేర్లు ఎక్కిస్తూ ఒక్క టిక్కు మరిచిపోతే, డిస్లెక్సియా ఉన్న పాప లాగిన్ అయ్యాక స్పీకర్ గుర్తు కనిపించదు. పర్యవేక్షకుడికి ఆ పాప ఎవరో తెలియకపోవచ్చు, ఐఈపీ చూసి ఉండకపోవచ్చు. గది నిశ్శబ్దంగా ఉండాలని ముందే చెప్పారు. పాప అడగదు. రెండు రోజుల ముందు వేరే బడి నుంచి మారి వచ్చిన పిల్లల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. వాళ్ల ఐఈపీ ఫైలు ఇంకా దారిలో ఉంటుంది.

చదివి వినిపించడానికి మనుషులే కావాల్సినచోట మనుషుల కొరత. ఒకే ఉదయం పాతికమందికి చిన్న గదులు కావాలంటే గదులెక్కడ, కూర్చునే టీచర్లెక్కడ? అప్పుడు లైబ్రరీలో ఓ మూల, సామాన్ల గది, నడవా చివర పెట్టిన బల్ల చిన్న గదులవుతాయి. గంట మోగుతుంది, పక్క క్లాసు పిల్లలు బయటికొస్తారు. రికార్డులో మాత్రం విడి గది ఇచ్చినట్టే.

ఇంకొక విషయం గురించి పెద్దలం తగినంత మాట్లాడుకోం. ఆరో తరగతి దాటాక చాలామంది పిల్లలు సదుపాయం వద్దంటారు. అందరూ చూస్తుండగా లేచి వేరే గదికి వెళ్లడం వాళ్లకు చచ్చేంత సిగ్గు. స్నేహితులు అడుగుతారు, నువ్వెక్కడికి వెళ్లావని. ఒక పిల్లవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోకపోతే, అది బడి ఇవ్వకపోవడమా, వాడు తీసుకోకపోవడమా? మంచి పర్యవేక్షణ ఈ రెండింటినీ విడదీసి రాస్తుంది. ఇచ్చాం, వద్దన్నాడు అని రాసినప్పుడు కూడా ఎందుకు వద్దన్నాడో అడుగుతుంది. అందరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే గదిలో ఒకరు పెట్టుకుంటే ఎవరూ గమనించరు. గదిని అలా అమర్చొచ్చు. అమర్చిన బడులు పిల్లలతో మాట్లాడాకే అమర్చాయి.

అందుకే చెప్పకుండా వచ్చి చూసేవాళ్లు కావాలి. కొన్ని బడులను ఎంచుకుని, పరీక్ష జరిగే పూట వెళ్లి, ఒక్కో పిల్లవాడి కాగితం చేతిలో పట్టుకుని గదిలో జరుగుతున్నదానితో పోల్చాలి. ఆ తర్వాత పిల్లవాడిని అడగాలి: ఇది నీకు ఉపయోగపడిందా, క్లాసులో ఎప్పుడైనా వాడావా అని. ఖర్చుతో, ఓపికతో కూడిన పని. దీనికి బదులుగా బడి తనకు తాను నింపి పంపే ఫారం చవకైనది, అందుకే అదే ఎక్కువగా కనిపిస్తుంది.

ఏది లెక్కపెడుతున్నాం?

ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల నుంచి ఏటా అడిగే లెక్కల్లో ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది సదుపాయాలతో రాశారు అన్నవి ఉన్నాయి. సదుపాయం అందాల్సి ఉండి అందనివాళ్లు ఎంతమంది అన్న గడి వాటిలో లేదు. సదుపాయాలతో రాసినవాళ్ల సంఖ్య పెరిగితే బాగుపడ్డామనుకుంటాం. ఆ సంఖ్య వెనక తగినది అందినవాళ్లు, తగనిది అందినవాళ్లు, అందినట్టు రాసుకున్నవాళ్లు అందరూ కలిసిపోయి ఉంటారు.

తప్పు అంకె మీద నిఘా పెడితే ఏమవుతుందో టెక్సస్‌కు బాగా తెలుసు. 2004లో ఆ రాష్ట్ర విద్యాశాఖ జిల్లాల పనితీరు కొలిచే విధానంలో ఒక కొలమానం చేర్చింది. మొత్తం విద్యార్థుల్లో ప్రత్యేక విద్యలో ఉన్నవాళ్లు 8.5 శాతం లోపు ఉంటే మంచి గుర్తింపు, దాటితే తనిఖీ. అప్పటికి రాష్ట్రంలో ఆ శాతం 12కు దగ్గరగా ఉండేది. జిల్లాలు ఏం చేస్తాయి? పరీక్షించాల్సిన పిల్లల్ని పరీక్షించడం ఆలస్యం చేశాయి, ఇంకాస్త చూద్దాం అన్నాయి, 504 ప్లాన్‌తో సరిపెట్టాయి. పదేళ్లు దాటేసరికి శాతం సరిగ్గా 8.5కు దిగింది. అప్పుడు దేశ సగటు 13 శాతం దగ్గర ఉంది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2017లో టెక్సస్ శాసనసభ అలాంటి హద్దులను నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ, టెక్సస్ ఐడియా చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఈ పదేళ్లూ పర్యవేక్షణ లేక కాదు. బ్రహ్మాండంగా ఉంది, ఏటా జరిగింది. అది పిల్లవాడికి అందినదాన్ని కాక జిల్లాకు పడే శాతాన్ని చూసింది. ఆ కాలంలో బడికి వెళ్లి, ఐఈపీ రాకుండానే పై తరగతులకు వెళ్లిపోయిన పిల్లలకు పరీక్షలో ఇవ్వాల్సిన సదుపాయాల ప్రశ్నే పుట్టలేదు.

మిషిగన్ రాష్ట్రంలో జరిగినది ఇంకా బాధ కలిగిస్తుంది. పెరెజ్ వర్సెస్ స్టర్జిస్ పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు అది. వినికిడి లేని ఒక అబ్బాయి 9 ఏళ్ల వయసు నుంచి 20 ఏళ్ల వరకు ఒకే జిల్లా బడుల్లో చదివాడు. అతనికి సాయంగా పెట్టిన మనిషికి సంజ్ఞా భాష రాదన్నది అతని ఆరోపణ. ఏటా మంచి గ్రేడ్లు ఇంటికి వచ్చేవి, ఏటా పై తరగతికి పంపేవారు. చదువు ముగియడానికి కొన్ని నెలల ముందు, డిప్లొమా రాదని తల్లిదండ్రులకు చెప్పారు. కాగితం చూస్తే సాయం ఉంది, మనిషి కూడా పక్కనే ఉన్నాడు. ఆ మనిషి చేతులు ఏమైనా చెబుతున్నాయా అని అన్నేళ్లలో ఒక్కసారి చూసినా తెలిసిపోయేది. 2023 మార్చిలో న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, నష్టపరిహారం కోసం అమెరికా వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) కింద వేసే దావాకు ఐడియా ప్రక్రియలన్నీ ముగిసేదాకా ఆగక్కర్లేదని తీర్పు ఇచ్చారు. తల్లిదండ్రులకు ఇది పెద్ద ఆయుధమే. ఆ అబ్బాయి పోగొట్టుకున్న ఏళ్లకు మాత్రం అది ఆలస్యంగా వచ్చింది.

మన ఇళ్ల నుంచి తెచ్చుకున్న ఆలోచనలు

తెలుగు తల్లిదండ్రులు ఈ వ్యవస్థలోకి కొన్ని పాత అలవాట్లతో వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా వైకల్యం అనగానే మనకు సదరం సర్టిఫికెట్, అందులోని శాతం గుర్తొస్తాయి. 40 శాతం దాటితే అర్హత, దాటకపోతే లేదు. భారతదేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నా, చాలా ప్రయోజనాలు ఆ 40 శాతం గీత అవతలే ఉన్నాయి. పరీక్షలో స్క్రైబ్ ఇవ్వడానికి ఆ గీత అడ్డు కాకూడదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. అదే చట్టంలోని 16వ సెక్షన్, వైకల్యమున్న ప్రతి విద్యార్థి చదువు ఎలా సాగుతోందో విద్యాసంస్థలు గమనిస్తూ ఉండాలంటుంది. 17వ సెక్షన్ అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి ఇవ్వాలంటుంది. రెండు సెక్షన్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఇచ్చేదాని గురించి జీవోలు, సర్క్యులర్లు వస్తుంటాయి, గమనించడం గురించి మాత్రం మాట కూడా వినపడదు. ఇంకో తేడా ఏమిటంటే, మన దగ్గర సదుపాయం అనగానే పదో తరగతి బోర్డు పరీక్ష గుర్తొస్తుంది. ఏడాదంతా క్లాసులో వాడాల్సిన వస్తువుగా దాన్ని చూడటం మనకు అలవాటు లేదు.

అమెరికా బడుల్లో ఐఈపీకి శాతంతో పనిలేదు. వైకల్యం చదువు మీద ప్రభావం చూపుతోందా, దానికి ఏం కావాలి అన్నవే ప్రశ్నలు. డాక్టర్ చీటీ ఒక్కటీ సరిపోదు, అలాగని డాక్టర్ చీటీ లేదని బడి పక్కకు తప్పుకోనూకూడదు. అనుమానం ఉంటే పరీక్షించాల్సిన బాధ్యత బడిదే.

రెండో అలవాటు, దాచడం. ఊళ్లో తాతయ్యకు, అమ్మమ్మకు తెలియకూడదు, అసోసియేషన్‌లో ఎవరికీ తెలియకూడదు, రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఎవరైనా అడిగితే ఎలా అన్న భయం. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఇంట్లో మాట్లాడుకోని విషయం గురించి పిల్లవాడు బడిలో నోరు తెరవడు. స్పీకర్ గుర్తు కనిపించనప్పుడు చెయ్యెత్తాలంటే, తనకు అది రావాలని, అడగడం తప్పుకాదని ముందు తెలిసుండాలి. పరీక్ష గదిలో ఏ తనిఖీ అధికారి కంటేనైనా ముందు ఉండేది ఆ పిల్లవాడే.

మూడోది, మీటింగుల్లో తలూపడం. ఇంగ్లీషు వచ్చినవాళ్లం కూడా ఏఆర్‌డీ మీటింగులో వాళ్ల పదాలకు తడబడతాం. ఇంట్లో పిల్లవాడిని చూసుకునేది ఎక్కువగా తల్లే, ఆమెకు అవన్నీ అంత వేగంగా అర్థం కాకపోవచ్చు. మీటింగులో జరిగేది తల్లిదండ్రులకు అర్థమయ్యేలా బడి చూడాలని, అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేయాలని ఐడియా నిబంధనల్లో ఉంది. తెలుగుకూ ఇది వర్తిస్తుంది. ముందుగా రాతపూర్వకంగా అడగాలి. అడగడం అవమానమేమీ కాదు.

హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్‌ఏటీ పరీక్షలో సదుపాయాలకు, దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డు విడిగా అనుమతి ఇవ్వాలి, ఐఈపీ ఉన్నంత మాత్రాన అవి తమంతట తాము రావు. బడిలో రోజూ వాడుతున్న రికార్డు ఉంటే ఆ అనుమతి తేలిక.

2025 తర్వాత

పైన చెప్పిన వ్యవస్థలో పైమెట్టు ఇప్పుడు బాగా బలహీనపడింది. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బంది దాదాపు సగానికి తగ్గింది. 504 ఫిర్యాదులు విచారించే పౌరహక్కుల విభాగానికి దేశంలో 12 ప్రాంతీయ కార్యాలయాలు ఉండేవి. వాటిలో 7 మూసేశారు, మూసినవాటిలో డాలస్ ఒకటి. అదే ఏడాది అక్టోబరులో నిధుల ఆమోదం లేక ప్రభుత్వం స్తంభించిన (షట్‌డౌన్) సమయంలో, ఐడియా అమలును చూసే విభాగంలోని ఉద్యోగులకూ తొలగింపు నోటీసులు వెళ్లాయి. నవంబరులో షట్‌డౌన్ ముగించిన చట్టంతో వాటిని వెనక్కి తీసుకోవాల్సివచ్చింది. చట్టాలు ఒక్క అక్షరం కూడా మారలేదు. అవి అమలవుతున్నాయా అని అడిగే మనుషులే తగ్గారు.

టెక్సస్‌లో ఇంకో మార్పు కూడా రాబోతోంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయి. పిల్లలకు ఒత్తిడి తగ్గొచ్చు. సదుపాయాల విషయంలో మాత్రం ఒకసారికి బదులు మూడుసార్లు సెట్టింగులు సరిచూడాలి, మూడుసార్లు గదులు, మనుషులు దొరకాలి. కొత్త పరీక్షలకు ఫెడరల్ పీర్ రివ్యూ మళ్లీ జరగాలి. ఆ ఐదు ప్రశ్నలకు రాష్ట్రం ఏం ఆధారాలు చూపిస్తుందో తల్లిదండ్రుల సంఘాలు అడిగి తెలుసుకోవాల్సిన సమయం అదే.

ఈలోగా ఇంటి నుంచి చేయగలిగినవి ఉన్నాయి. పరీక్షకు రెండు మూడు వారాల ముందు, మా పిల్లవాడికి సిస్టమ్‌లో పెట్టిన సెట్టింగులు ఏమిటో ఐఈపీతో సరిచూసి చెప్పండి అని టెస్ట్ కోఆర్డినేటర్‌కీ కేస్ మేనేజర్‌కీ ఈమెయిల్ పెట్టండి. నమూనా పరీక్ష అదే సెట్టింగులతో ఒకసారి చేయించమనండి. చదివి వినిపించేదీ రాసిపెట్టేదీ ఎవరో, ఆ మనిషిని పిల్లవాడు ముందే కలిశాడో లేదో అడగండి. పరీక్ష అయిన సాయంత్రం మార్కుల గురించి కాకుండా, ఏయే సదుపాయాలు ఉన్నాయి, ఏది లేదు అని పిల్లవాడిని అడిగి రాసిపెట్టుకోండి. బడి దగ్గరున్న రికార్డులు చూపించమని అడిగే హక్కు మీకుంది, అడిగిన 45 రోజుల్లోపు వాళ్లు చూపించాలి.

సదుపాయం అందలేదని తేలితే ముందు బడితోనే మాట్లాడాలి. చాలావరకు అక్కడే సర్దుకుంటుంది, ఎందుకంటే చాలావరకు అవి మరుపులే, దురుద్దేశాలు కావు. సర్దుకోకపోతే రాష్ట్ర విద్యాశాఖకు ఐడియా కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. జరిగిన ఏడాదిలోపు చేయాలి. లాయర్ అక్కర్లేదు. ఫిర్యాదు కాపీ జిల్లాకూ పంపాలి. రాష్ట్రం మామూలుగా 60 రోజుల్లో విచారించి, ఏం తేలిందో రాసి ఇవ్వాలి. తప్పు జరిగిందని తేలితే, ఫిర్యాదు చేసినవాళ్ల బిడ్డకు ఏం చేయాలో చెప్పడంతో ఆగకూడదు. ఇకముందు వైకల్యమున్న పిల్లలందరికీ ఆ సేవలు సరిగ్గా అందేలా ఏం చేయాలో కూడా రాష్ట్రం తేల్చాలని నిబంధన. అందుకే మీ ఫిర్యాదు, అలాంటిదొకటి చేయొచ్చని తెలియని తల్లిదండ్రుల పిల్లలకూ పనికొస్తుంది.